నీళ్ళు పోసి ఇచ్చిన పిల్ల

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నా కూతురు ఏడుస్తుంటే అది ఏ ఏడుపో నాకు తెలియకుండా పోవడం.

సెనులికి ఏడేళ్ళు. ఆకలి ఏడుపు, మోకాలు చీరుకుపోయిన ఏడుపు, నిద్ర ముంచుకొచ్చి ఎందుకేడుస్తోందో దానికే తెలియని ఏడుపు, పక్కింటి పిల్ల బొమ్మ కోసం ఒక కన్ను నామీదే పెట్టి ఏడ్చే దొంగ ఏడుపు. కుట్టు మిషను తొక్కుతూ, తల తిప్పకుండానే ఏది ఏదో చెప్పేదాన్ని. ఎనిమిదో తరగతితో బడి మానేసిన దాన్ని నేను. నాకు గట్టిగా తెలిసిన విషయాలు చాలా తక్కువ. ఇదొక్కటి మాత్రం తెలుసనుకునేదాన్ని.

బుద్ధుడి పండగ, వెసాక్ పున్నమికి నాలుగు రోజుల ముందు, గురువారం సాయంత్రం, మా ఊరి సంఘం హాలులో ఆ ధీమా పోయింది.

నాటకం దుస్తులు నేనే కుడుతున్నాను. ఆ రోజు సెనులి గౌను కొలత సరిచూడ్డానికి టేపు మెడలో వేసుకుని వెళ్ళాను. వేసేది పిల్లల్ని దానమిచ్చిన రాజు కథ. అడిగినవాడికి లేదనలేని రాజు, తన ఇద్దరు పిల్లల్నీ ఒక ముసలి యాచకుడి చేతిలో నీళ్ళు ధారపోసి ఇచ్చేస్తాడు. మా వైపు చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్ళు వంతులేసుకుని ఆ పద్యాలు చదువుతారు. తల్లి పళ్ళబుట్టతో అడవినుంచి తిరిగొచ్చి, పిల్లలేరని చెట్టునీ పుట్టనీ అడిగే చోటు వచ్చేసరికి, పోయిన మనిషిని కూడా మర్చిపోయి అందరూ ఏడుస్తారు.

కొలంబో నుంచి వచ్చిన వీరకోన్ సర్ దాన్ని కొత్తగా తయారుచేశాడు. పున్నమి రోజున టీవీ వాళ్ళు వచ్చి తీస్తారు, ఆ తర్వాత ఊరూరా ఆడతారు. నలభై నిమిషాలు మించకూడదు. అందుకని ఇద్దరు పిల్లల చోట ఒక్క పిల్లే మిగిలింది, ఆ వేషం సెనులిది. రాజుకి కిరీటం పోయి తెల్ల చొక్కా, లుంగీలా చుట్టుకునే తెల్ల సారం వచ్చాయి. తల్లి వచ్చే భాగం మొత్తం ఎగిరిపోయింది. "ఇది తండ్రి కథ. తండ్రి త్యాగం. మధ్యలో ఆడమనిషి వచ్చి ఏడిస్తే తండ్రి చిన్నబోతాడు," అన్నాడట. రాజు వేషం మా ఆయన తుసితది. రోజంతా త్రీవీలర్ తోలే మనిషి. నెల రోజులుగా ఇంట్లో కూడా మెల్లగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుని మాట్లాడుతున్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా రాజులాగే చెప్పాడు.

నేను వెళ్ళేసరికి దానం జరుగుతోంది. మా ఆయన కొమ్ముచెంబు ఎత్తి, యాచకుడి వేషంలో ఉన్న కరోలిస్ మామ దోసిట్లోకి నీళ్ళు వంచాడు. నీళ్ళు కింద పళ్ళెంలోకి కారాయి. కరోలిస్ మామ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

సెనులి నోరు తెరిచింది. శబ్దం రాలేదు. గాలి లోపలికి పోతోంది, బయటికి రావట్లేదు. చాలాసేపటికి ఒక సన్నటి కూత వచ్చింది, గొంతులోంచి కాదు, ఇంకెక్కడినుంచో. నా బిడ్డ దగ్గర అలాంటి ఏడుపు ఉందని నాకు తెలియదు.

హాలు మూల కాగితం లాంతర్లు అతికిస్తున్న ఆడవాళ్ళు చేతులాపి "సాధు, సాధు" అన్నారు. వీరకోన్ సర్ చప్పట్లు కొడుతూ వేదిక ఎక్కాడు. పిల్ల బుగ్గ మీది కన్నీటిని చూపుడువేలితో తీసుకుని, ఆ వేలిని టీవీ వాళ్ళ తరఫున చూడ్డానికి వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషికి చూపించాడు.

"చూశావా? కంట్లో మందు వేసి తెప్పించింది కాదు. అసలు సరుకు."

తర్వాత ఆ వేలు తన ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఎంత గుండె కావాలి బాబూ అలా ఇవ్వడానికి!" అని ఒకావిడ మా ఆయనతో అంటోంది. ఆయన కళ్ళు దించుకుని, రాజులాగా చిన్నగా నవ్వాడు. నేను సెనులి భుజాల మీద టేపు పెట్టాను. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన కాలరులా బిగుసుకుపోయి ఉంది పిల్ల.

"బాగా చేశావే," అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

అది నా మొహంలోకి చూసింది. "మంచిదమ్మా," అంది.

ఆ రోజు ఇంటికొచ్చాక గమనించడం మొదలుపెట్టాను. కుండ పక్కన నిలబడి, "నీళ్ళు తాగొచ్చా అమ్మా?" అని అడిగింది. ఎప్పుడూ గ్లాసు ముంచేసి, సగం ఒలకబోసి, తిట్లు తినే పిల్ల.

"అదేం అడగడమే? తాగు."

తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. అన్నం దగ్గర వాళ్ళ నాన్న కొబ్బరి సంబోల్ పచ్చడి కలిపి ముద్ద చేతికివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఇంకో అప్పడం కావాలంటే ఆయన్ని అడగాలా అమ్మా?" అని నా చెవిలో అడిగింది.

ఆయన. ఏడేళ్ళుగా నాన్న, నాన్నా, నాన్నోయ్ అని వీధి చివరిదాకా వినిపించేలా అరిచిన పిల్ల.

మర్నాడు పొద్దున బడికి వెళ్ళేముందు ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుని నా పాదాలకి దణ్ణం పెట్టింది. పక్కనే మా ఆయన టీ తాగుతూ, దీవించడానికి చెయ్యి సగం ఎత్తి ఉంచాడు. సెనులి లేచి, ఆయన్ని చుట్టి, గడప దాటింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాంతో జుట్టు సరిచేసుకున్నాడు.

బడి దారిలో నేను సంచీ పట్టుకోబోయాను. ఇవ్వలేదు. ఉబ్బెత్తుగా ఉంది. రాత్రి సర్దుకుందట. రెండు గౌన్లు, బ్రష్షు, నేను గుడ్డముక్కలతో కుట్టిచ్చిన ఏనుగు. పుస్తకాలు మంచం కిందకి తోసేసి ఇవి పెట్టుకుంది.

"ఎక్కడికే?"

"కరోలిస్ తాతగారింటికి. పున్నమి అయ్యాక ఆయన నన్ను తీసుకెళ్తారు కదా."

"అది నాటకం కదే!"

"నాటకంలో మామూలు నీళ్ళు పోస్తారమ్మా. ఇవి బుద్ధుడి విహారం నుంచి తెచ్చిన నీళ్ళు." నాకు తెలియనిది దానికి తెలిసినట్టు, ఓపిగ్గా చెప్పింది. "మా ధర్మ పాఠశాలలో టీచర్ చెప్పారు, నీళ్ళు పోసి ఇచ్చింది ఇంక వెనక్కి తీసుకోకూడదు. విహారంలో భంతే గారికి దానమిచ్చిన బుట్ట మనం మళ్ళీ అడుగుతామా?"

రోడ్డు పక్కకి తీసుకెళ్ళి, ఒక్కొక్కటే అడిగాను. మంగళవారం నాడు దానం దగ్గర సెనులికి నవ్వొచ్చిందట, కరోలిస్ మామ పెట్టుడు గడ్డం ఊడి వేలాడుతుంటే. మూడుసార్లు చేసినా నవ్వు ఆగలేదు. అప్పుడు వీరకోన్ సర్ దాన్ని తెర వెనక్కి తీసుకెళ్ళి, ఈ నీళ్ళు విహారం నీళ్ళు, మీ నాన్న నిన్ను నిజంగానే ఇచ్చేశాడు, బాగా ఏడిస్తే ఆ ముసలాయన కొట్టడు, నవ్వితే కొడతాడు అన్నాడట.

"నాన్న ఎక్కడున్నారప్పుడు?"

"అక్కడే. నిజమేనా అని అడిగాను."

"ఏమన్నారు?"

"తల ఊపారు."

దూరంగా బడి గంట కొట్టారు. సెనులి నా చెయ్యి వదిలించుకుని నడవబోయి, ఆగింది. "నువ్వు ఇదంతా ఉత్తిదే అంటావని కూడా సర్ చెప్పారు. నేను బాధపడకూడదని అంటావట. అందుకని నువ్వేమీ చెప్పక్కర్లేదమ్మా," అంది.

నేనింటికి తిరిగొచ్చేసరికి మా ఆయన పెరట్లో త్రీవీలర్ కడుగుతున్నాడు. కొబ్బరి పీచుతో టైరు రుద్దుతున్నాడు.

"పిల్లకి తల ఊపావా నువ్వు?"

ఏ తల, ఏ ఊపడం అని అడగలేదు. పీచు బకెట్లో ముంచాడు. "ఇంకో మూడు రోజులు ఇనోకా. పున్నమి అయిపోగానే నిజం చెప్పేసి ఐస్‌క్రీం కొనిపెడదాం."

"దాన్ని నిజంగా ఇచ్చేశావని చెప్పావా లేదా?"

"చెప్పలేదు." ఈసారి నా వైపు తిరిగాడు, కోర్టులో మనిషిలా. "నోటితో ఒక్క మాట అనలేదు. అబద్ధమాడనని ప్రతి పున్నమికీ విహారంలో శీల వ్రతం పట్టేవాణ్ణి, నేనెందుకంటాను? తల ఊపానంతే."

ఇంట్లో ఎలుక చచ్చినప్పుడు ముందు వాసన ఎక్కడినుంచో తెలియదు. బియ్యం డబ్బా కడుగుతాం, మూలలు తుడుస్తాం. తీరా చూస్తే రోజూ తల పెట్టుకునే దిండు కింద ఉంటుంది. నాకు అలా ఉంది.

"అది నీళ్ళు తాగడానికి నన్ను అనుమతి అడుగుతోంది," అన్నాను.

"క్రమశిక్షణ వచ్చింది, మంచిదేగా."

"సిగ్గులేదూ?"

"నీకేం తెలుసు? సర్ టీవీ సీరియల్లో తండ్రి వేషం ఇస్తానన్నారు. ఇరవై ఏళ్ళు ఈ డొక్కు బండి తోలాలా నేను? ఎవడో వచ్చి నాలో ఏదో ఉందని గుర్తించాడు, ఇంట్లో దానికేమో కడుపుమంట."

అయినా నేను వదల్లేదు. సాయంత్రం పిల్ల ముందు కూర్చోబెట్టి చెప్పించాను. గొంతుకూర్చుని, "బంగారూ, అదంతా ఉత్తిదేరా," అన్నాడు. చక్కగానే అన్నాడు. అదే గొంతు, అదే ఊపిరి విరుపు, చెంబు ఎత్తేటప్పుడు ఉండేది.

"సరేనండీ," అంది సెనులి.

కరోలిస్ మామ దాల్చినచెక్క ఒలిచే మనిషి. కాలువ అవతల పాక. మా ఆయనతో ఆ మాటలయ్యాక, పిల్ల బడినుంచి వచ్చేలోపు అక్కడికి వెళ్ళొచ్చాను. కాళ్ళు చాపుకుని, కొమ్మ పైబెరడు గీకేసి, ఇత్తడి కడ్డీతో రుద్దుతున్నాడు. అలా రుద్దితేనే లోపలి చెక్క పట్టు వదులుతుంది. డెబ్బై దాటాయి, ముందు పళ్ళు రెండే మిగిలాయి. వీధిలో పిల్లలు ఆయన్ని చూసి పారిపోతారు. ఆ పళ్ళు చూసే వీరకోన్ సర్ యాచకుడి వేషం ఇచ్చాడు.

"గౌను కుట్టేశావా అమ్మాయ్? నా గోచీ కాస్త వదులు చెయ్యాలి, వంగితే చిరిగేట్టుంది. అప్పుడు కథ అడ్డం తిరుగుద్ది," అని నవ్వాడు.

నేను చెప్పాను. చెబుతుంటే కడ్డీ నెమ్మదించింది, తర్వాత ఆగింది. నోట్లో తమలపాకు పక్కకి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

"నేను పట్టుకుంటే ఆ బిడ్డ చెయ్యి చేపలా కొట్టుకునేది," అన్నాడు. "నా మొహం చూసి అనుకున్నా. మా మనవరాలే దగ్గరికి రాదు కదా అనుకున్నా. అయితే ఇన్నాళ్ళూ నేను నిజంగా ఎత్తుకుపోతున్నానన్నమాట! ఛీ. ఛీ."

"నువ్వు చెప్పు మామా, నాటకమేనని."

"నీ మాటే నమ్మనిది నన్ను నమ్ముద్దా? తల్లి వచ్చే చోటు తీసేశానని సర్ అన్నప్పుడే అనుకున్నా. మా అమ్మ చదివేది ఆ పద్యాలు. తల్లి రాకపోతే ఆ కథలో మనుషులెవరున్నారు? ఇచ్చేవాడొకడు, పట్టుకుపోయేవాడొకడు."

"నీళ్ళు పోశారు కదా అంటోంది. పోసింది వెనక్కి తీసుకోకూడదట."

"అది నిజమే. ఇచ్చినవాడు తీసుకోకూడదు." కొమ్మ తిప్పి, కత్తి మొనతో చుట్టూ ఒక గీత గీశాడు. "పుచ్చుకున్నవాడు ఇంకొకరికి ఇవ్వకూడదని ఎవరూ అనలేదే. నాదైతే నా ఇష్టం."

గీత వెంట కత్తి దూర్చి లాగితే చెక్క చుట్ట మొత్తం ఒక్కసారి ఊడి వచ్చింది.

శనివారం పొద్దున మా ఆయన బాడుగకి వెళ్ళాక వచ్చాడు. స్నానం చేసి, తెల్ల సారం, గుండీలన్నీ పెట్టిన తెల్ల చొక్కా. చేతిలో వాళ్ళింటి కొమ్ముచెంబు, భంతేలకి అన్నం పెట్టే రోజున తప్ప బయటికి తియ్యనిది. చింతపండుతో తోమినట్టున్నాడు, మెరుస్తోంది.

సెనులి ఆయన్ని కిటికీలోంచి చూసింది. లోపలికి పరుగెత్తింది. దాక్కుంటుందనుకున్నాను. సంచీ భుజాలకి తగిలించుకుని, బడి బూట్లు వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. బూట్లు కాలు మార్చి వేసుకుంది.

"తయారయ్యాను," అంది.

కరోలిస్ మామ మొహం పక్కకి తిప్పుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగి చెంబు కింద పెట్టాడు. "కూర్చో బంగారూ. నువ్వు నాదానివి కదా ఇప్పుడు?"

"అవును."

"నీళ్ళు పోసి ఇచ్చారు కదా?"

"అవును."

"అయితే నిన్ను ఎవరికివ్వాలో నా ఇష్టమా కాదా?"

సెనులి ఆలోచించింది. ధర్మ పాఠశాలలో దీని గురించి ఏమైనా చెప్పారేమో వెతుకుతున్నట్టు కళ్ళు పైకి పెట్టింది. "మీ ఇష్టమే," అంది.

నేను చాప మీద కూర్చుని పళ్ళెం మీద దోసిలి పట్టాను. "ఈ పిల్లని వాళ్ళమ్మకి ఇచ్చేస్తున్నాను. నాకింక ఏ హక్కూ లేదు," అని ఆయన చెంబు వంచాడు. నావైపు చూస్తూ వంచాడేమో, ధార పక్కకి పోయింది.

"చేతిలో పడలేదు," అంది సెనులి. ముందుకొచ్చి వంగి చూసింది. "ఇంకా పొయ్యాలి. పొంగి కారాలి. అప్పుడే అయినట్టు."

పోశాడు. నా వేళ్ళ సందుల్లోంచి, మణికట్టు మీంచి, మోచేతి దాకా కారింది. చెంబు ఖాళీ అయ్యేదాకా అది కన్నార్పలేదు.

"అమ్మ మళ్ళీ ఎవరికైనా ఇచ్చేస్తే?"

ఇవ్వనని తల అడ్డంగా ఊపాను.

"నోటితో చెప్పు."

"ఇవ్వను. ఎవరికీ ఇవ్వను. నోటితో చెబుతున్నాను."

సంచీ దించింది. గుడ్డ ఏనుగుని తీసి మంచం మీద పెట్టింది, బ్రష్షు డబ్బాలో పెట్టింది. ఆ తర్వాత బూటు విప్పబోయి, ముడి పడిపోయి, లాగి, విసుగొచ్చి, భోరుమని ఏడ్చింది. ఆ ఏడుపు నాకు తెలుసు. అది ముడిపడిన బూటు తాడు ఏడుపు. కరోలిస్ మామ కింద కూర్చుని గోళ్ళతో ఆ ముడి విప్పాడు. పళ్ళు లేక నోటితో లాగలేకపోతున్నానని తనని తానే తిట్టుకున్నాడు. దానికి ఏడుపులో నవ్వొచ్చింది.

ఆదివారం పూర్తి దుస్తులతో చివరి సాధన. దానికింక భయం లేదు కదా అని తీసుకెళ్ళాను. మా ఆయన చెంబు ఎత్తాడు. సెనులి నీళ్ళకేసి ఆసక్తిగా చూసింది. కరోలిస్ మామ చెయ్యి పట్టుకుంటే పక్కింటి తాతతో సంతకి బయల్దేరినట్టు బయల్దేరింది.

"ఆపండి! ఏమైంది దీనికి?" వీరకోన్ సర్ వేదికెక్కాడు. మళ్ళీ చేయించాడు. మళ్ళీ. నాలుగోసారి గౌను చెయ్యి సర్దుతున్నట్టు సర్ది, జబ్బ మీద గిల్లాడు. అది "అబ్బా!" అని, "గిల్లకండి, నేను మా అమ్మదాన్ని," అంది.

లాంతర్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన మొహం ఎర్రబడింది. "ఏం చేశావే దాన్ని?" అని నన్ను పళ్ళు బిగించి అడిగాడు. కరోలిస్ మామ పెట్టుడు గడ్డం పీకేసి కుర్చీలో పడేశాడు. "నేను చెయ్యనయ్యా ఈ వెధవ వేషం. ఈ గడ్డం మీరే పెట్టుకోండి, బాగా నప్పుద్ది," అని చొక్కా భుజాన వేసుకుని, అందరూ చూస్తుండగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాకెంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను. నేనూ సెనులి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోదామనే అనుకున్నాను.

"గౌను విప్పి ఇచ్చి వెళ్ళు," అన్నాడు వీరకోన్ సర్. "ఈ పిల్ల కాకపోతే ఇంకో పిల్ల."

అరగంటలో తీసుకొచ్చారు. మా ఆయనతో పాటు స్టాండులో బండి తోలే సుగత్ కూతురు. హిమాషి. సెనులి కంటే ఒక ఏడు చిన్నది, సన్నగా ఉంటుంది. వాళ్ళమ్మ కువైట్‌లో ఎవరింట్లోనో పనిచేస్తోంది, రెండేళ్ళయింది వెళ్ళి. యాచకుడి వేషానికి ఊరిబయట నుంచి ఒక మనిషిని పట్టుకొచ్చారు, పేరు కూడా నాకు తెలియదు.

గౌను దానికి వేలాడుతోంది. నన్నే బిగించమన్నారు. రెండువైపులా రెండు వేళ్ళ వెడల్పు లోపలికి మడిచి, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే గుచ్చుతున్నాను. నా పిల్ల బతికి బయటపడింది, తొందరగా ఇది ముగించి ఇంటికి పోవాలి. ఆ ఒక్క ఆలోచనే ఉంది నాకు.

"ఆంటీ, నేను టీవీలో ఏడిస్తే మా అమ్మ అక్కడ చూస్తుందంట," అంది హిమాషి, చేతులు రెండూ పైకెత్తి. ముందు పన్ను ఊగుతోంది, మాట్లాడుతూ నాలుకతో దాన్ని తోస్తోంది. "నువ్వు పెద్ద గౌను కుట్టావు. నేను అన్నం బాగా తింటే సరిపోద్దా?"

నేను కుట్టు వేసి దారం తెంపేలోపే పిలిచారు. తెర పక్కనుంచి కనిపిస్తూనే ఉంది. వీరకోన్ సర్ గొంతుకూర్చుని దాని చెవిలో ఏదో చెబుతున్నాడు. కొమ్ముచెంబు చూపించాడు. హిమాషి చెంబుని చూసి, తల ఎత్తి, వాళ్ళ నాన్నని చూసింది. ఏదో అడిగింది. పెదాలు కదలడం చూశాను.

సుగత్ తల కిందికి దిగింది. పైకి లేచింది.

నా పెదాల మధ్య ఇంకా నాలుగు గుండుసూదులున్నాయి. అవి తీసి చేతిలో పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది? అక్కడికి వెళ్ళి, నమ్మకే, నీకు అబద్ధం చెబుతున్నారే అని అరవడానికి పది అడుగులు. నేను పళ్ళ మధ్య ఆ సూదుల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అరిస్తే మళ్ళీ నా పిల్లనే అడుగుతారేమోనని. ఇదీ నిజం. వీరకోన్ సర్‌ని, మా ఆయన్ని, సుగత్‌ని అసహ్యించుకోవడానికి నాకు నోరుంది. ఆ నోటితో ఆ పూట నేను చేసిన పని సూదులు పట్టుకోవడం.

పున్నమి రోజున హాలు కిక్కిరిసింది. వీధిలో ఉచితంగా అన్నం పెట్టే పందిరి ఖాళీ అయిపోయిందట, అందరూ ఇక్కడికే. హిమాషి సెనులి కంటే బాగా ఏడ్చింది. "అమ్మా" అని పిలిచింది. ఆ మాట నాటకంలో లేదు, కానీ వీరకోన్ సర్ ఉంచేశాడు. పిల్లని కట్టి లాక్కెళ్ళే చోట కొత్త యాచకుడు, సర్ అడిగినట్టే, గుడ్డతో చేసిన తీగ కాకుండా నిజం అడవి తీగతోనే చేతులు కట్టాడు. జనం సాధు సాధు అని హోరెత్తించారు. మా ఆయన్ని మెట్ల దగ్గర ఆపి, ముసలమ్మలు చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. నేను చెవులు మూసుకుని హాలు బయట కాలువ గట్టుకి వెళ్ళిపోయాను.

మర్నాడే కరోలిస్ మామ దగ్గరికి పరుగెత్తాను. విని, కత్తి కింద పెట్టాడు. "నేను వదిలేసి రాకుండా ఉండాల్సింది," అన్నాడు. "నేనే పుచ్చుకుని ఉంటే నేనే తిరిగిచ్చేవాణ్ణి. ఎవడో పుచ్చుకున్నాడు. వాడెవడో!" లేచి చొక్కా తొడుక్కుంటూ, "అయినా ఎవరికిస్తాం? దోసిలి పట్టడానికి వాళ్ళమ్మ కూడా లేదే," అన్నాడు.

ఇద్దరం సుగత్ ఇంటికి వెళ్ళాం. తాళం. బృందం తెల్లవారుజామునే బస్సులో బయల్దేరిందట, సుగత్ లైట్లు మోసే పనికి, పిల్ల నాటకానికి. బడికి సెలవు చీటీ కూడా పంపాడట. మా ఆయనా వాళ్ళతోనే ఉన్నాడు. త్రీవీలర్ మీద టార్పాలిన్ కప్పి వెళ్ళాడు. ఫోన్ చేస్తే, "పిల్ల బ్రహ్మాండంగా చేస్తోంది. నువ్వు గొడవ చెయ్యకు," అని పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు నుంచి వెళ్ళే ఫోను ఎత్తడం లేదు. పోలీసు స్టేషనుకి వెళ్ళాను. నాటకంలో ఏడవడం నేరమా అమ్మా అని నవ్వి పంపేశారు.

వాళ్ళు ముందు మాతర, తర్వాత రత్నపుర, కురునేగల వైపు వెళ్తారని విన్నాను. చివరికి అనురాధపుర. ఏ రోజు ఎక్కడో నాకు తెలియదు. నాకు మిషను, ఏడేళ్ళ పిల్ల, ఇల్లు ఉన్నాయి. నేను కదల్లేను.

మీలో ఎవరైనా ఆ ఊళ్ళకు వెళితే, తెల్ల చొక్కా వేసుకున్న తండ్రి బొమ్మతో గోడ మీద కాగితం కనిపిస్తే, లోపలికి వెళ్ళండి. జనం చప్పట్లు కొడుతుంటే మీరు లేచి వేదిక వెనక్కి నడవండి. నేను కుట్టిన పసుపు గౌను వేసుకున్న ఆరేళ్ళ పిల్ల ఉంటుంది. ముందు పన్ను ఈపాటికి ఊడి ఉంటుంది. పేరు హిమాషి. ఏమైనా తిందో లేదో, చేతుల మీద తీగ గీతలున్నాయేమో, రాత్రుళ్ళు ఎవరి పక్కన పడుకుంటోందో చూడండి. ఎవరేమన్నా సరే, పిల్లని ఒక్కసారి చూసి రండి.